లేక్ డిస్ట్రిక్ట్ బాగుంది, ఆ షవర్ గట్టే బాగోలేదు

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని విండర్‌మియర్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు చెప్పను కానీ, దాని షవర్ ట్రే (షవర్ కింద నిలబడే పళ్లెం లాంటి గట్టు) ఎత్తు మాత్రం చెప్తాను: 210 మిల్లీమీటర్లు. మా ఆయన కారులోంచి టేపు తెచ్చి మరీ కొలిచారు.

అత్తయ్యగారికి నిరుడు విజయవాడలో మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. అందుకే ఏరి కోరి గ్రౌండ్ ఫ్లోర్ గది తీసుకుని, రాత్రికి 135 పౌండ్ల చొప్పున ముందే కట్టేశాం. గదిలోకి మెట్లు లేవు, నిజమే. బాత్‌రూమ్‌లో చూస్తే జానెడు ఎత్తు గట్టు, దాని మీద ఇరుకు తలుపు. పట్టుకోవడానికి ఒక్క కడ్డీ లేదు.

మేనేజర్‌ని అడిగితే, "గ్రౌండ్ ఫ్లోర్ అని రాశాం, షవర్ దగ్గర మెట్టు ఉండదని రాయలేదుగా" అన్నాడు. గది మార్చడు, డబ్బు వెనక్కివ్వడు. చివరికి దయతలచి ఒక ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి, దీని మీద కాలేసి ఎక్కమన్నాడు. తడి నేల, ప్లాస్టిక్ స్టూల్, ఆపరేషన్ అయిన మోకాలు! మామయ్యగారు తెలుగులో ఏమన్నారో ఇక్కడ రాయలేను.

స్నానం చేయనిదే కాఫీ కూడా ముట్టని మనిషి అత్తయ్యగారు. అక్కడున్నన్నాళ్లూ వాష్ బేసిన్ దగ్గర తువ్వాలు తడిపి ఒళ్లు తుడుచుకున్నారు. గదితో పాటు ఇచ్చిన బ్రేక్‌ఫాస్ట్‌కి కూడా రాలేదు. "మీరెళ్లి తినండమ్మా" అనేసి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ మౌనానికి మా ఇద్దరికీ టెన్షన్. సరస్సులో పడవ షికారు, బోనెస్ వీధులు అన్నీ బాగానే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదంతే.

కెజిక్ వెళ్లే దారిలో గ్రాస్‌మియర్‌లో ఆగాం. 1854లో శారా నెల్సన్ మొదలుపెట్టిన జింజర్‌బ్రెడ్ ఇప్పటికీ చర్చి పక్కన చిన్న కొట్టులో అమ్ముతున్నారు. అల్లం ఘాటుకి మామయ్యగారి కోపం కాస్త దిగింది.

కెజిక్‌లో బస రాత్రికి 118 పౌండ్లు. అత్తయ్యగారు నేరుగా బాత్‌రూమ్‌కే వెళ్లి చూశారు. 40 మిల్లీమీటర్ల ట్రే, దాన్ని కూడా నేలలోకి దింపారు, పైకి కనిపించేది ఓ సెంటీమీటరు అంచే. పక్కన కడ్డీ. అరగంట స్నానం చేసి బయటికొచ్చి, "కాఫీ ఏదీ?" అన్నారు.

ఆ ఇంటాయన పూర్వం ప్లంబర్ అట. విండర్‌మియర్ గోడు చెప్పుకుంటే నవ్వి, అసలు సంగతి విప్పారు. వాసన పైకి రాకుండా ట్రాప్‌లో, అంటే ట్రే కింద నీళ్లు నిలిచే వంపులో, మామూలుగా 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవాలి. అక్కణ్ణుంచి పైపు మీటరుకి కనీసం 18 మిల్లీమీటర్లు వాలుగా పోవాలి. చెక్క నేలైతే దూలాల మధ్య నుంచి పైపు పోనివ్వచ్చు. కాంక్రీటైతే నేల తవ్వాలి. తవ్వే ఖర్చు మిగుల్చుకోవాలనుకున్న వాళ్లు పైపుని నేల మీదే పరిచి, ట్రేని కాళ్ల మీద లేపుతారు. ఆ మిగుల్చుకున్న డబ్బుకి మా అత్తయ్యగారు తువ్వాలుతో సరిపెట్టుకున్నారన్నమాట.

కెజిక్ దగ్గరున్న కాజిల్‌రిగ్ రాతి వలయం చూడ్డానికి టికెట్ లేదు, తప్పక వెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఎం6 హైవే మీద టేబే సర్వీసెస్‌లో ఆగండి. 1972లో రైతు కుటుంబం పెట్టింది, మిగతా హైవే హోటళ్ల తిండి దీని ముందు దిగదుడుపే.

రెడింగ్ వచ్చాక మా ఇంట్లో కింది బాత్‌రూమ్ పని కూడా మొదలుపెట్టాం. మాది చెక్క నేల కాబట్టి తవ్వకాలు తప్పాయి. అక్రిలిక్ ట్రే చవక, తేలిక. కానీ అత్తయ్యగారు బకెట్టు, చెంబు, పీట లేకుండా స్నానం చేయరు. పీట కాళ్ల దగ్గర బరువంతా ఒకచోటే పడితే పల్చటి అక్రిలిక్ కుంగుతుంది, అంచున సిలికాన్ విడిపోయి నీళ్లు కిందికి కారతాయి. అందుకే స్టోన్ రెజిన్‌లో (రాతిపొడి, రెజిన్ కలిపి పోసిన గట్టి రకం) 1200x800 మిల్లీమీటర్ల సైజు, 25 మిల్లీమీటర్ల ఎత్తుది తీసుకున్నాం, 240 పౌండ్లు. మోయడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. అడుగున ఎక్కడా ఖాళీ లేకుండా ఇసుక సిమెంటు పరిచి కూర్చోబెట్టమని గట్టిగా చెప్పండి, నాలుగు ముద్దలేసి వెళ్లిపోయేవాళ్లున్నారు.

తలంటు నూనె సంగతి షాపువాళ్లకి తట్టదు. నున్నటి మెరుపు ట్రే మీద నూనె పడితే జారడం ఖాయం. ఉత్తికాళ్లతో తడిలో నడిచే నేలలకి ఏ, బీ, సీ అని గ్రేడులుంటాయి, సీ అడగండి. గరుకుగా ఉంటుంది, వారానికోసారి బ్రష్షుతో రుద్దాలి, తప్పదు. ఇంకొకటి, అంచు తక్కువ కాబట్టి చెంబుతో పోసుకుంటే నీళ్లు బయటికి చిందుతాయి. షవర్‌కి సగం వరకే గాజు తెర పెట్టి పొదుపు చేయకండి.

డిసెంబర్‌లో ఎడిన్‌బరో అనుకుంటున్నాం. గది అడిగినప్పుడల్లా ట్రే ఎత్తు ఎంతని రాస్తున్నాను. ఒకరు "ఈజీ యాక్సెస్" అని జవాబిచ్చారు, ఫోటో అడిగితే మాయమయ్యారు. ఇంకొకావిడ ట్రే పక్కన స్కేలు నిలబెట్టి ఫోటో పంపింది: 35 మిల్లీమీటర్లు. రాత్రికి 20 పౌండ్లు ఎక్కువే, అయినా అక్కడే బుక్ చేశాం.