క్రిస్ లెడూ పాటల సీడీ విన్నాక

మా నాన్న బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను మేపిన మనిషి. అందుకే టెక్సాస్‌లోని మా బావ ఈ సీడీ పంపగానే కారులో పెట్టుకుని, చీమకుర్తి వెళ్లి వచ్చేదాకా విన్నాను.

క్రిస్ లెడూ అమెరికా గాయకుడు, 1976లో జీను లేని గుర్రపు స్వారీ పోటీల్లో ప్రపంచ ఛాంపియన్ కూడా. ఒక్క చేత్తో పట్టుకుని, ఎగిరి తన్నే గుర్రం మీద 8 సెకన్లు నిలవాలి. రెండో చెయ్యి గుర్రానికి తగిలితే మార్కులే ఉండవు. ఊరూరా తిరిగే ఖర్చుల కోసం తన పాటల టేపులు తనే అమ్ముకున్నాడు. 1989లో గార్త్ బ్రూక్స్ అనే మరో అమెరికా గాయకుడు తన మొదటి పాటలో ఈయన పేరు తలిచాక గానీ పెద్ద పాటల కంపెనీ పిలవలేదు. 2005లో, 56 ఏళ్లకే పోయాడు.

గొంతులో పెద్ద పనితనం లేదు. అయినా కింద పడి లేచిన మనిషి పాడుతున్నాడని తెలుస్తుంది, నాకదే నచ్చింది. గిటారు, ఫిడేలు హాయిగా ఉన్నాయి. యాస మాత్రం మొదట అందలేదు, పాటల పుస్తకం ఇచ్చి ఉంటే బాగుండేది. కొరియర్‌లో డబ్బా మూత పగిలింది, సీడీకి ఏమీ కాలేదు. నాన్నకు అర్థం చెబుతూ మళ్లీ వినిపించాను. ఆయన మూడో పాట రెండుసార్లు పెట్టమన్నాడు.