బోరు నీళ్ల మీద 11 ఏళ్లు నడిచిన 15 లీటర్ల గీజర్

హైదరాబాద్ నిజాంపేటలో బోరు, ట్యాంకరు నీళ్లతో గడిచే ఫ్లాట్. గీజర్ 2000 వాట్లది, లోపల గాజుపూత ఉన్న ఉక్కు ట్యాంకు. ఇన్నేళ్లలో రెండు కాయిళ్లు, మూడు థర్మోస్టాట్లు, ఐదు ఆనోడ్ రాడ్లు మారాయి, ట్యాంకు మాత్రం మొదటిదే. కాయిల్ కాలితే కొత్తది వేసుకోవచ్చు, ట్యాంకు కారితే ఇక గీజర్ లేనట్టే. ఆ ట్యాంకును కాపాడేది మెగ్నీషియం ఆనోడ్ రాడ్డు. పూత చిట్లిన చోట ఉక్కు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుంది. వారంటీ కార్డు చూసేవాళ్లున్నారు గానీ ఈ రాడ్డు ఊసెత్తేవాళ్లు తక్కువ. బోరు నీళ్లకు రెండేళ్లకోసారి మార్చాలి. అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ పెట్టారని నిశ్చింతగా ఉండకండి, సున్నం తగ్గుతుంది గానీ రాడ్డు ఇంకా త్వరగా అరుగుతుంది.

సున్నం పేరుకుంటే ముందు చెవికి తెలుస్తుంది. వేడెక్కేటప్పుడు లోపల పేలాలు వేగుతున్నట్టు చిటపటలు. కాయిల్ మీది పొర కింద చిక్కిన నీళ్లు ఆవిరై పేలే చప్పుడది. దీనివల్ల కరెంటు బిల్లు పెద్దగా పెరగదు, వేడి ఎటూ నీళ్లలోకే పోతుంది. దెబ్బ కాయిల్ తొడుగుకే: వేడి బయటికి పోక, కాగి కాగి చిట్లుతుంది. అప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంది. 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి సుమారు 18 నిమిషాలు చాలు. ఐదారు నిమిషాలకే లైటు ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా వస్తుంటే, కాయిల్‌కూ థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య సున్నం గడ్డకట్టి ఉంటుంది.

విప్పేముందు ఎంసీబీ ఆపి, ప్లగ్గు పీకి, నీళ్లు చల్లారనివ్వండి. ఇన్‌లెట్ కాక్ కట్టేసి, వేడి నీళ్ల ట్యాప్ తెరిచి ఉంచి, ఇన్‌లెట్ పైపు విప్పితేనే ట్యాంకు ఖాళీ అవుతుంది. ఉత్త ట్యాప్ తిప్పితే అవదు, ఎందుకంటే అవుట్‌లెట్ గొట్టం మూతి ట్యాంకు లోపల పైన ఉంటుంది. కింది మూత తీసి వైర్లను ఫోటో తీసుకోండి. కాయిల్ బిగించిన ప్లేటు బోల్టులు విప్పేటప్పుడు కింద బకెట్ పెట్టండి: పెసరబద్దల సైజు తెల్ల పెచ్చులు దోసిళ్లకొద్దీ రాలతాయి. మిగిలింది చేత్తోనో చెక్కపుల్లతోనో లాగండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాజుపూత ఊడుతుంది.

కాయిల్‌ను లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంటన్నర నానబెట్టండి. వైర్లు తగిలించే కొసలు తడవకూడదు. ఆనోడ్ రాడ్డు ముందే తీసేయాలి, లేకపోతే నిమ్మ ఉప్పు దాన్నే తినేస్తుంది. మల్టీమీటర్‌లో కాయిల్ 26 ఓమ్‌లు చూపాలి. అయితే కరెంటు లీకేజీ ఉంటే చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పట్టకపోవచ్చు, మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. రాడ్డు సగం అరిగినా, లోపలి ఇనుప తీగ కనిపించినా మార్చేయండి. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ట్రూప్ బజార్‌కు పాతది పట్టుకెళ్లి మర, పొడవు రెండూ సరిపోల్చి తెచ్చుకోవడం మేలు. దాని మరకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, లోహానికి లోహం తగలకపోతే రాడ్డు ఉన్నా లేనట్టే. ప్లేటు దగ్గర నీళ్లు కారకుండా ఆపే రబ్బరు గాస్కెట్ మాత్రం ప్రతిసారీ కొత్తదే. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ట్యాప్‌లో ధార తెగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి, ఖాళీ ట్యాంకులో కాయిల్ చూస్తుండగానే మాడిపోతుంది.

సేఫ్టీ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు చుక్కలు పడితే కంగారు వద్దు. 15 లీటర్లు 60 డిగ్రీలకు చేరితే సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి, అవే అవి. చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించిన ప్లంబర్లూ, మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్ ఊరికే పడుతోందని థర్మోస్టాట్‌ను ‘డైరెక్ట్’ చేసిన (దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపిన) మెకానిక్‌లూ ఉన్నారు. రెండూ ఒకే గీజర్‌కు జరిగితే అది స్నానాల గదిలో బాంబు. కటౌట్ రీసెట్ నొక్కాక మళ్లీ పడితే థర్మోస్టాట్ మార్చడమే దారి. సెట్టింగు 55 దగ్గర ఉంచితే సున్నం నెమ్మదిగా పడుతుంది.

గాస్కెట్ పొడిగా ఉండి, కింది మూత అంచున తుప్పు రంగు నీళ్లు కారుతుంటే ట్యాంకు చిల్లుపడినట్టు. వెల్డింగ్ చేయిస్తే ఆ వేడికి చుట్టూ ఉన్న పూత కూడా పోయి, పక్కనే ఇంకో చిల్లు పడుతుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేయండి, ఈమధ్యే వేసిన థర్మోస్టాట్ ఉంటే మాత్రం పీకి దాచుకోండి.