కరోనా కాలపు నాయకత్వం: 2020 అధ్యక్ష చర్చల్లో ట్రంప్ వాదమా, బైడెన్ వాదమా, ఏది నిలుస్తుంది?

2020 అక్టోబరు 22న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో, బెల్మాంట్ విశ్వవిద్యాలయం వేదికగా జరిగిన అధ్యక్ష చర్చ కరోనాతోనే మొదలైంది. అప్పటికి అమెరికాలో దాదాపు 2.2 లక్షల మంది చనిపోయారు. ఇంతమంది మరణానికి బాధ్యుడైన వ్యక్తి అధ్యక్షుడిగా కొనసాగడానికి వీల్లేదని జో బైడెన్ అన్నారు. 22 లక్షల మంది చనిపోతారని నిపుణులు అంచనా వేశారని, తాము ఆ ముప్పును తప్పించామని డొనాల్డ్ ట్రంప్ బదులిచ్చారు. రెండు పార్టీల సమర్థకులు నేటికీ ఈ రెండు మాటలనే పట్టుకుని వాదించుకుంటున్నారు. వీటిలో ఏది మేలైన వాదమో తేల్చాలంటే, ముందుగా ఒక్కొక్కటి దేనితో పోల్చి మాట్లాడుతున్నదో చూడాలి.

ట్రంప్ చెప్పిన 22 లక్షల సంఖ్య లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020 మార్చి 16న వెలువరించిన అంచనాలోనిది. ప్రభుత్వం ఏ చర్యా తీసుకోకుండా, ప్రజలు ఏ జాగ్రత్తా పాటించకుండా ఎప్పటిలాగే తిరిగితే ఏమవుతుందో చెప్పే లెక్క అది. అలా చేతులు కట్టుకుని కూర్చునే ప్రభుత్వం ఎక్కడా ఉండదు కనుక, దానికన్నా మెరుగ్గా చేశామని చెప్పుకోవడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమే. బైడెన్ మాట రెండో కొసన ఉంది. జరిగిన ప్రతి మరణాన్నీ అధ్యక్షుడి ఖాతాలో వేస్తే, సమర్థుడు పాలించి ఉంటే ఒక్కరూ చనిపోయేవారు కాదని చెప్పినట్లవుతుంది. పైగా 2021 జనవరిలో బైడెన్ అధికారం చేపట్టే నాటికి దాదాపు 4 లక్షలుగా ఉన్న మరణాలు 2022 మే నెలలో 10 లక్షలు దాటాయి. అదే సూత్రాన్ని ఆయనకు వర్తింపజేస్తే ఆయన కూడా పదవిలో ఉండకూడదు. రిపబ్లికన్లు ఈ మాటను పదేపదే గుర్తు చేశారు, అందులో అన్యాయం లేదు. అయితే మరణాలు వైరస్ చేతిలోనే ఉన్నాయని సరిపెట్టుకోవడం కూడా కుదరదు. అమెరికాలోనూ దక్షిణ కొరియాలోనూ మొదటి కేసు 2020 జనవరిలో దాదాపు ఒకే సమయంలో బయటపడింది. అయిదు కోట్ల పైచిలుకు జనాభా గల కొరియాలో నాష్‌విల్ చర్చ నాటికి మరణాలు 500 లోపే ఉన్నాయి. నాయకత్వం వల్ల తేడా వస్తుందని దీనివల్ల తెలుస్తుంది, కాని ఆ తేడా ఎంతో మొత్తం మరణాల సంఖ్య ఒక్కటే చెప్పదు. అందుచేత అధ్యక్షుడి చేతిలో నిజంగా ఏమేమి ఉన్నాయో వాటిని మాత్రమే తూచడం న్యాయం.

లాక్‌డౌన్ అధ్యక్షుడి చేతిలో లేదు. దుకాణాలు, బడులు మూయించే అధికారం అమెరికాలో రాష్ట్రాలదే, అంటే గవర్నర్లదే. కనుక బైడెన్ దేశాన్ని మూసేస్తారని ట్రంప్ హెచ్చరించడం, దేశాన్ని కాదు వైరస్‌నే మూసేస్తానని బైడెన్ హామీ ఇవ్వడం, రెండూ ఓటర్ల ముందు బాగా పలికిన మాటలే తప్ప ఆచరణలో బరువు లేనివి. అక్కడ కూడా అధ్యక్షుడి మాటకు కొంత ప్రభావం ఉంటుంది. తమ ప్రభుత్వమే దశలవారీగా తెరవాలని మార్గదర్శకాలు ఇచ్చిన మరునాడు, 2020 ఏప్రిల్ 17న, మిషిగన్, మిన్నెసోటా, వర్జీనియా రాష్ట్రాలను విముక్తం చేయాలంటూ ట్రంప్ ట్వీట్లు పెట్టారు. ఆ మూడింటా గవర్నర్లు డెమొక్రాట్లే. మరోవైపు, న్యూయార్క్‌లో డెమొక్రాటిక్ గవర్నర్ ఆండ్రూ కూమో ప్రభుత్వం మార్చి 25న, కరోనా సోకిందన్న కారణంతో రోగులను నర్సింగ్ హోములు (అక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రాలను అలా అంటారు) నిరాకరించరాదని ఇచ్చిన ఆదేశాన్ని డెమొక్రాట్లు చాలాకాలం ప్రస్తావించడానికే ఇష్టపడలేదు.

ప్రయాణ ఆంక్షల విషయంలో ఉభయుల వాదమూ బలహీనమే. చైనా నుంచి రాకపోకలను తానే ముందుగా ఆపానని, అప్పుడు బైడెన్ తనను పరదేశ ద్వేషి అన్నారని ట్రంప్ చర్చల్లో చెప్పారు. 2020 జనవరి 31న ప్రకటించిన ఆ ఆంక్షలు అమెరికన్ పౌరులకు, శాశ్వత నివాసులకు, వారి దగ్గరి కుటుంబ సభ్యులకు వర్తించలేదు. చైనా దారిని సగం మూసినా ఐరోపా దారి మార్చి నెల మధ్య వరకు తెరిచే ఉంది, న్యూయార్క్‌కు వ్యాధి ప్రధానంగా వచ్చింది ఆ దారినే. ఇక అలాంటి ఆంక్షలనే తర్వాత బైడెన్ కూడా విధించారు. 2021 మే 4 నుంచి భారతదేశం నుంచి వచ్చే విదేశీయులను ఆపినప్పుడు, రెండో అలలో తల్లిదండ్రులను చూసుకోవడానికి హైదరాబాదుకో విజయవాడకో వచ్చిన హెచ్-1బి ఉద్యోగులెందరో భార్యాబిడ్డలను అక్కడ, ఉద్యోగాన్ని అక్కడ వదిలి ఇక్కడ చిక్కుకుపోయారు. టీకా వేయించుకున్నవారికి ఆ దారి తెరుచుకున్నది నవంబరు 8న. అంతకు ముందు ఏడాది, 2020 జూన్‌లో, కొత్త హెచ్-1బి వీసాలను ట్రంప్ ప్రభుత్వం ఏడాది చివరి వరకు నిలిపివేసింది. మన కుటుంబాల కష్టం దృష్టితో చూస్తే, ఈ విషయంలో ఒక పార్టీ దయగలదని, మరొకటి కఠినమైనదని చెప్పడానికి ఆధారం లేదు.

అసలు తూకం మూడు చోట్ల ఉంది: పరీక్షలు, ప్రజలతో చెప్పిన మాట, టీకా.

పరీక్షల్లో జరిగిన ఆలస్యం ఫెడరల్ ప్రభుత్వానిదే, దాన్ని గవర్నర్ల మీదికి నెట్టడానికి వీల్లేదు. వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తయారు చేసి పంపిన తొలి కిట్లు సరిగా పనిచేయలేదు. ఇతర ప్రయోగశాలలు సొంత పరీక్షలు వాడుకునేందుకు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు సడలించేసరికి ఫిబ్రవరి చివరి రోజు వచ్చింది. వైరస్ ఎక్కడెక్కడ పాకుతున్నదో కనిపెట్టవలసిన నెల అలా గడిచిపోయింది. ఈ జాప్యానికి బాధ్యత తీసుకుంటారా అని మార్చి 13న అడిగినప్పుడు, తాను ఏమాత్రం తీసుకోనని ట్రంప్ అన్నారు. నాష్‌విల్‌లో పూర్తి బాధ్యత తనదేనంటూనే, వైరస్ రావడం తన తప్పు కాదని, చైనా తప్పని వెంటనే చేర్చారు. వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, వచ్చాక పరీక్షలు ఎందుకు లేవన్నది వేరే ప్రశ్న. 2009 నాటి స్వైన్ ఫ్లూను బైడెన్ ఉపాధ్యక్షుడిగా ఉన్న ప్రభుత్వం చెడగొట్టిందన్న ట్రంప్ ఎదురుదాడి కూడా ఇక్కడ నిలవదు. సీడీసీ అంచనా ప్రకారం ఆ ఫ్లూ వల్ల మొదటి ఏడాదిలో అమెరికాలో చనిపోయినవారు సుమారు 12,500 మంది. ఆనాటి వైరస్ అంత ప్రాణాంతకం కాకపోవడం అదృష్టమేనని బైడెన్ సన్నిహితుడు రాన్ క్లెయిన్ స్వయంగా ఒప్పుకున్నమాట నిజమే. అయినా అప్పటి అదృష్టం ఇప్పటి ఆలస్యానికి జవాబు కాదు.

ప్రజలతో చెప్పిన మాట విషయంలో ట్రంప్ పక్షం వాదనను శ్రద్ధగా వినాలి. నాయకుడు జనాన్ని బెదరగొట్టకూడదు, ధైర్యం చెప్పాలి అన్నది పాతకాలం నుంచీ అందరూ ఒప్పుకునే మాటే. అయితే ఈ వ్యాధి గాలి ద్వారా సోకుతుందని, బలమైన ఫ్లూ కన్నా ప్రాణాంతకమని 2020 ఫిబ్రవరి 7నే జర్నలిస్టు బాబ్ వుడ్‌వర్డ్‌తో రికార్డయిన సంభాషణలో ట్రంప్ చెప్పారు. అదే నెలలో ప్రజలకు మాత్రం అది త్వరలోనే మాయమవుతుందని చెబుతూ వచ్చారు. భయం పుట్టించడం ఇష్టం లేక తీవ్రతను తగ్గించి చెబుతున్నానని మార్చి 19న అదే జర్నలిస్టుతో అన్నారు. ధైర్యం చెప్పడానికి నిజాన్ని దాచవలసిన పని లేదు. వృద్ధులైన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లాలా వద్దా, పెళ్లి వాయిదా వేయాలా వద్దా అని ప్రతి ఇంట్లో నిర్ణయించుకుంటున్న రోజుల్లో, అధ్యక్షుడికి తెలిసిన సమాచారమే వారికి అన్నిటికన్నా అవసరమైనది. మాస్కుల సంగతిలో మొదట్లో ఆరోగ్య శాఖ అధికారులు కూడా తప్పుదారి పట్టించారు, సామాన్యులకు అక్కర్లేదన్నారు. కాని ఏప్రిల్ 3న సీడీసీ ఆ సలహా మార్చుకున్న రోజునే, తాను మాత్రం పెట్టుకోబోనని ట్రంప్ ప్రకటించారు. సెప్టెంబరు 29న క్లీవ్‌లాండ్‌లో, మాట మాటకూ అడ్డుపడడంతోనే గడిచిన మొదటి చర్చలో, బైడెన్ పెట్టుకునే మాస్కును ట్రంప్ ఎగతాళి చేశారు. మూడు రోజులు తిరగకుండానే తనకు కరోనా సోకిందని ప్రకటించి వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో చేరారు. తర్వాత, అక్టోబరు 15 నాటి రెండో చర్చను దూరం నుంచి తెరల మీద జరపాలని చర్చల కమిషన్ నిర్ణయించగా ఆయన ఒప్పుకోలేదు, ఆ చర్చ రద్దయింది. ఈ అంశంలో బైడెన్ వాదమే మేలైనదని నేను ఏ సంకోచమూ లేకుండా చెప్పగలను.

టీకా దగ్గరికి వచ్చేసరికి తూకం ట్రంప్ వైపు మొగ్గుతుంది. 2020 మే 15న ప్రకటించిన ఆపరేషన్ వార్ప్ స్పీడ్ కింద, ఏ టీకా పనిచేస్తుందో తేలకముందే ప్రభుత్వం డబ్బు పెట్టి, ప్రయోగాలు నడుస్తుండగానే ఉత్పత్తి మొదలుపెట్టించింది. ఫైజర్ పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము తీసుకోకపోయినా, 10 కోట్ల డోసులకు 195 కోట్ల డాలర్ల ముందస్తు కొనుగోలు ఒప్పందం దానికి దక్కింది. టీకాలు విఫలమైతే ముందుగా ఉత్పత్తికి పెట్టిన డబ్బు మునిగిపోతుందని తెలిసి కూడా తీసుకున్న నిర్ణయం వార్ప్ స్పీడ్. ప్రాణాలు నిలిపిన నిర్ణయం కూడా. నాష్‌విల్‌లో ట్రంప్ వారాల్లో టీకా వస్తుందన్నప్పుడు చాలామంది నమ్మలేదు, కాని నవంబరు 9న ఫైజర్ ఫలితాలు వెలువడ్డాయి, డిసెంబరు 11న అత్యవసర అనుమతి వచ్చింది. వచ్చే ఏడాది మధ్య వరకు మెజారిటీ ప్రజలకు అది అందదని అదే వేదిక మీద బైడెన్ అన్న మాట కూడా దాదాపుగా నిజమే అయింది. డిసెంబరు చివరికి 2 కోట్ల మందికి వేస్తామన్న ట్రంప్ ప్రభుత్వం 30 లక్షల దగ్గరే ఆగిపోగా, పంపిణీని గాడిన పెట్టినది బైడెన్ ప్రభుత్వం.

ఈ విషయంలో డెమొక్రాట్లు చేసిన ఒక తప్పు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అక్టోబరు 7న సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ఉపాధ్యక్ష చర్చలో కమలా హ్యారిస్, వైద్యులు చెబితే ముందు వరుసలో నిలబడి టీకా వేయించుకుంటానని, ట్రంప్ చెబితే మాత్రం వేయించుకోనని అన్నారు. ఎవరి మాట మీద నమ్మకం ఉంచాలన్నదే ఆమె ఉద్దేశం కావచ్చు. ఓట్ల కోసం టీకాను పార్టీలకు ముడిపెట్టిన మాటల్లో అదీ ఒకటి. తర్వాత ఆ ముడి రెండో వైపు మరింత బిగిసింది. ట్రంప్‌కు ఎక్కువగా ఓటు వేసిన కౌంటీల్లో టీకాలు తక్కువగా పడ్డాయి, 2021లో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. 2021 ఆగస్టులో అలబామాలోని కల్‌మన్ సభలో టీకా వేయించుకోమని సలహా ఇచ్చినందుకు ట్రంప్‌నే ఆయన అభిమానులు కొందరు గేలి చేశారు.

నాష్‌విల్ రాత్రికి తెలిసిన సమాచారంతోనే ఓటరు నిర్ణయించుకోవాలి కనుక, నేనైతే బైడెన్ వాదాన్నే ఎంచుకుంటాను. టీకా రావడానికి ముందు జనం చేతిలో ఉన్నవి పరీక్షలు, జాగ్రత్తలు, నిజమైన సమాచారం మాత్రమే, ఆ మూడింటిలోనూ ట్రంప్ ప్రభుత్వం వెనకబడింది. వ్యాధి తగ్గుముఖం పట్టిందని ఆయన, చీకటి శీతకాలం రాబోతున్నదని బైడెన్ ఆ రాత్రి చెప్పారు. 2021 జనవరిలో రోజుకు సగటున 3,000కు పైగా అమెరికన్లు చనిపోయారు. టీకా ఘనతను మాత్రం ట్రంప్ నుంచి లాక్కోవడానికి వీల్లేదు, బైడెన్ కూడా లాక్కోలేదు. 2020 డిసెంబరు 21న డెలావేర్‌లో కెమెరాల ముందు టీకా వేయించుకున్నప్పుడు, వార్ప్ స్పీడ్ విషయంలో అప్పటి ప్రభుత్వానికి కొంత మెప్పు దక్కాలని ఆయన చెప్పారు. ట్రంప్ పదవి నుంచి దిగిపోయే ముందు జనవరిలో వైట్‌హౌస్‌లోనే టీకా వేయించుకున్నారు. ఆ సంగతి జనానికి తెలిసింది మార్చిలో.