కాంట్రాక్టర్‌ని వాట్సాప్ మెసేజ్‌తో పనిలోంచి తీసేయకండి, నేను తీసేసి ఇరుక్కున్నాను

ఇల్లు కట్టిస్తున్నవాళ్లు, మేస్త్రీ మీద కోపంగా ఉన్నవాళ్లు ముఖ్యంగా చదవండి.

మేడిపల్లి దగ్గర 200 గజాల్లో ఇల్లు మొదలుపెట్టాం. మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకి 1,850 రూపాయలు, పది నెలల్లో తాళాలు ఇవ్వాలని ఒప్పందం. మొదటి స్లాబ్ పడేసరికే పన్నెండో నెల వచ్చింది. అప్పటికే సగానికి పైగా డబ్బు తీసుకున్న కాంట్రాక్టర్ ఫోనెత్తడం మానేశాడు. ఒళ్లుమండి ఒక రాత్రి "రేపట్నుంచి మీరు రావద్దు" అని వాట్సాప్ పెట్టేశాను. వారం తిరక్కుండా వేరే మేస్త్రీతో పై గోడలు లేపించాను.

నెల తర్వాత లాయర్ నోటీసు వచ్చింది, నాకే! కాంట్రాక్టు అక్రమంగా రద్దు చేశానట. మిగిలిన పనిలో రావాల్సిన లాభం, సైట్లో ఉండిపోయిన సెంట్రింగ్ సామాను ఖరీదు కలిపి 9 లక్షలు కట్టాలట.

నవ్వుకుంటూ మా వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వలేదు. రద్దు చేసే ముందు తప్పు సరిదిద్దుకోమని 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలని ఒప్పందంలో ఉంది, చూశారా అన్నాడు. నేను రేటు, గడువు తప్ప ఏమీ చదవలేదు. "గడువు దాటింది కదండీ" అన్నాను. ఆలస్యానికి వారానికి ఇంత జరిమానా, అవసరమైతే పొడిగింపు అని ముందే రాసుకున్నప్పుడు, తేదీ దాటినంత మాత్రాన రద్దు చేసే హక్కు రాదట. 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని చూసే గడువు కీలకం కాదంది. పైగా గడువు దాటాక నేను ఒక్క మాట అనకుండా రెండు దఫాలు డబ్బు వేశాను. ఆలస్యమైన పనిని ఒప్పుకునేటప్పుడే పరిహారం అడుగుతానని చెప్పకపోతే, కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ అడ్డొస్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు, అప్పటిదాకా అయిన పనికి కొలతలు తీయించకపోవడం. కొత్త మేస్త్రీ తాపీ పట్టకముందే పాత కాంట్రాక్టర్‌కి తేదీ చెప్పి రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. వస్తే ఇద్దరి సంతకాలతో కొలతలు రాసుకోవాలి. రాకపోతే బయటి ఇంజనీరుతో రిపోర్టు, తేదీలతో ఫొటోలు, వీడియో. గొడవ ముదిరితే కోర్టు ద్వారా అడ్వకేట్ కమిషనర్‌ని (సైటు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే లాయర్) వేయించుకోవచ్చు. సెంట్రింగ్ సామాను లిస్టు రాసి పట్టుకెళ్లమనాలి, మన దగ్గర అట్టిపెట్టుకోకూడదు.

ఒక్క ఊరట. వివాదం వస్తే కాంట్రాక్టర్ పెట్టిన ఆర్బిట్రేటరే (కోర్టు బయట తగవు తీర్చే మధ్యవర్తి) తేల్చాలని ఒప్పందంలో ఉంది. అలా ఒక పక్షమే తనకు నచ్చిన మనిషిని పెట్టడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు కూడా. ఇల్లు కట్టివ్వడం వినియోగదారుల చట్టంలో సేవ కిందికే వస్తుంది, కాకపోతే రెండేళ్లలోపు కేసు వెయ్యాలి. నేను జిల్లా కమిషన్‌లో వేశాను.

పోయిన వాయిదాలో అవతలి లాయర్ ఒకటే అడిగాడు, తన క్లయింటు కట్టింది ఎంతవరకని. నా దగ్గర మూడు మసక ఫొటోలున్నాయి. ఒకదాంట్లో గోడకి అడ్డంగా మా మేనల్లుడు నిలబడ్డాడు.