తలకట్టు తోక తెగకూడదు: చవక పెన్ టాబ్లెట్‌తో నాలుగేళ్లు

విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకు పుస్తకాల ముఖచిత్రాలు, శీర్షికల అక్షరాలు గీసి ఇవ్వడం నా వృత్తి. చాలా ఏళ్లు కుంచె, నల్ల సిరా, మందపాటి కాగితంతోనే గడిచాయి. గీసినదాన్ని స్కాన్ చేసి పంపితే "శీర్షిక కాస్త పైకి జరపండి, వెనక రంగు మార్చండి" అనేవారు. ఆ రెండు ముక్కల కోసం రాత్రంతా మళ్లీ కూర్చోవలసి వచ్చేది. అలా పెన్ టాబ్లెట్ దగ్గరికి వచ్చాను: కంప్యూటర్‌కు తగిలించుకునే, తెర లేని పలక ఇది; దాని మీద ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. మొదటిది వాడినది, స్నేహితుడి దగ్గర తీసుకున్నాను. పది నెలలు పనిచేసింది. రెండోది కొత్తది, అయిదు వేల లోపు ధరలో కొన్నది. నాలుగేళ్లు దాటినా ఇప్పటికీ రోజూ దాని మీదే గీస్తున్నాను. మా ఇంట్లో దాన్ని పలక అంటాం. తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ ధరలో దొరికే చాలా పలకల గుణదోషాలు ఇంచుమించు ఇవే.

ముందు పెట్టె మీది అంకెల సంగతి. ఒత్తిడి స్థాయిలు, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కామో పలక గుర్తించే మెట్లు, 2048, 4096, 8192, ఇప్పుడు 16384 అని అచ్చువేస్తున్నారు. నా మొదటి పలక 2048, రెండోది 8192. నాలుగు రెట్ల తేడా నా చేతికి ఒక్కసారి కూడా తెలియలేదు. మామూలుగా మనం వాడే ఎనిమిది బిట్ల చిత్రంలో ఒక్కో రంగుకు ఉండేవే 256 మెట్లు. నేను గీసే కుంచె గీత మహా అయితే నలభై యాభై పిక్సెళ్ల మందం ఉంటుంది. అంత పనికి 2048 స్థాయిలే ధారాళంగా సరిపోతాయి. ఈ అంకె కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టవద్దని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

అసలు చూడవలసినది పెట్టె మీద ఉండదు: ఎంత తేలికగా ఆనిస్తే గీత మొదలవుతుంది, ఎంత తేలికపడేదాకా నిలుస్తుంది అన్నది. తెలుగు అక్షరం గీసేవాళ్లకు ఇది ప్రాణం. తలకట్టు గీసేటప్పుడు పెన్ను మొదట గట్టిగా ఆని, పైకి లేస్తూ సన్నబడి, వెంట్రుకలా ముగియాలి. పెన్నుకు ఆ చివరి తేలికదనం అందకపోతే తోక మధ్యలోనే తెగుతుంది. మొదటి పలకలో అదే జరిగేది. ప్రతి తలకట్టూ మొండిగా, కత్తిరించినట్టు ఉండేది. డ్రైవర్‌లో (పలకను కంప్యూటర్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) ఒత్తిడి వక్రాన్ని, అంటే ఎంత నొక్కితే గీత ఎంత మందం కావాలో చెప్పే అమరికను, ఎంత మార్చినా ఫలితం లేకపోయింది, ఎందుకంటే పెన్ను పట్టుకోలేని ఒత్తిడిని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. రెండో పలక మీద మొదటి రోజే 'శ్రీ' గీశాను. తోక సాగిసాగి కనిపించకుండా కరిగిపోయింది. ఆ రాత్రి ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

కొన్న వెంటనే, వాపసు గడువు ముగిసేలోపు, ఇంకో పరీక్ష చేయండి. స్కేలు ఆనించి ఏటవాలుగా, చీమ నడకలా మెల్లగా గీత గీయండి. వేగంగా గీస్తే ప్రతి పలకా బాగుంటుంది. మెల్లగా గీసినప్పుడు గీత మెట్లుమెట్లుగా వణికితే అది పలక లోపం. మన అక్షరాలన్నీ వంపులే, వంపును ఎవరూ పరుగెత్తుతూ గీయరు. గవర్నర్‌పేటలో కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగాను గానీ పెట్టె తెరిచి గీసి చూడనిచ్చిన చోటు దొరకలేదు. చివరికి ఇంటికి తెప్పించుకుని ఈ పరీక్ష చేశాను.

వణుకు గురించి ఇంకో మాట. రెండో పలక కొన్నాక వచ్చిన మొదటి వర్షాకాలంలో ఉన్నట్టుండి నా గీతలన్నీ సన్నగా కంపించడం మొదలైంది. పలక పాడైందనుకుని రెండు రోజులు పని ఆపేశాను. మూడో రోజు కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుండగా గీత నున్నగా పడింది. మేముండే సత్యనారాయణపురం ఇల్లు పాతది, ఆ గది సాకెట్‌కు ఎర్త్ సరిగా లేదు. ఛార్జరు నుంచి వచ్చే విద్యుత్ రొదను పలక పట్టుకుంటోంది. ఈ పలకల కింద తీగచుట్టల అల్లిక ఉంటుంది. అది వెలువరించే అయస్కాంత తరంగానికి పెన్నులోని చిన్న చుట్ట అనునాదంతో స్పందించి తిరుగు సంకేతం ఇస్తుంది. అంత సున్నితమైన వ్యవహారం కాబట్టే బయటి రొద లోపలికి చొరబడుతుంది. ఎర్త్ వేయించాక ఆ కంపం మళ్లీ రాలేదు. ఇనుప బల్ల మీద పెట్టుకున్నా ఇలాంటి ఇబ్బందే వస్తుంది, చెక్క బల్ల మేలు.

ఈ పద్ధతిలో పెన్నుకు బ్యాటరీ అక్కర్లేదు, కావలసిన శక్తి ఆ తరంగం నుంచే అందుతుంది. జపాన్‌లో 1983లో మొదలైన వాకమ్ సంస్థ దీనికి పేరుపొందింది. ఇప్పుడు హుయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి సంస్థల చవక పలకల్లోనూ బ్యాటరీ లేని పెన్నులే వస్తున్నాయి. నా మొదటి పలక పెన్ను ఛార్జింగ్ రకం. వెనక బరువుగా ఉండి వేళ్లు నొప్పిపెట్టేవి. చివరికి అందులోని బ్యాటరీ చచ్చిపోయి, విడి పెన్ను దొరకక, బాగున్న పలకను మూలన పెట్టవలసి వచ్చింది. వాడిన సరుకు కొనేవాళ్లు ఈ ఒక్కటి తప్పకుండా చూసుకోవాలి.

ఇక పరిమాణం. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది దీని మీదే, అదీ మీ చేయి అడిగితేనే. వాకమ్ వారి చిన్న 'వన్' పలక, సీటీఎల్-472లో గీసే చోటు 152 మిల్లీమీటర్ల వెడల్పు, 95 మిల్లీమీటర్ల ఎత్తు. ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2లో పది అంగుళాలు, ఆరుంబావు అంగుళాలు. మామూలు పదిహేనున్నర అంగుళాల లాప్‌టాప్ తెర వెడల్పు 34 సెంటీమీటర్ల పైచిలుకు. చిన్న పలక మీద చేయి ఒక సెంటీమీటరు కదిలితే తెర మీద గీత రెండుంబావు సెంటీమీటర్లు పరుగెడుతుంది. పెద్దదానిలో ఒకటిన్నరకు లోపే. చేతి తడబాటూ అదే లెక్కన పెరుగుతుంది. మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు చూశాను: మణికట్టు స్థిరంగా ఉంటుంది, చేయంతా భుజం నుంచి తిరుగుతుంది. నేనూ గీసేది అలాగే. చిన్న పలక నాకు ఊపిరాడనిచ్చేది కాదు. మణికట్టు బల్లకు ఆనించి, నోటు పుస్తకం అంచుల్లో చిన్న బొమ్మలు వేసే అలవాటున్నవాళ్లకు మాత్రం పెద్ద పలక వృథా.

తెర ఉన్న పలకల ధర దీనికి ఎన్నో రెట్లు. వాటి జోలికి వెళ్లలేదు. చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉండడం మొదట్లో నిజంగా కష్టమే. నాకు మూడు వారాలు పట్టింది. రోజూ అరగంట గుణింతాలు దిద్దాను. నాలుగో వారంలో చేతి వైపు చూడడం దానంతట అదే మానుకున్నాను.

చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. పలక కొలతలు 16:10 నిష్పత్తిలో, తెర 16:9లో ఉంటే గుండ్రంగా గీసిన 'ఠ' తెర మీద పక్కలకు సాగి నిమ్మకాయలా కనిపిస్తుంది. డ్రైవర్‌లో నిష్పత్తి సరిచేసే చోట టిక్కు పెట్టండి. పది అంగుళాల పలకలో కింద ఒకటిన్నర సెంటీమీటర్ల పట్టీ వాడుకలోంచి పోతుంది, పోనివ్వండి. కొత్త డ్రైవర్ వేసేముందు పాతదాన్ని పూర్తిగా తీసేయండి; రెండూ ఉంటే ఒత్తిడి పనిచేయదు, కారణం అంతుపట్టదు. విండోస్‌లో పెన్ను కాసేపు ఆనిస్తే చుట్టూ తిరిగే వలయాన్నీ ఆపేయండి. గీయడానికి నేను ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అందులో చేతి వణుకును సర్దే స్థిరీకరణ సదుపాయం పొడవాటి వంపులకు మంచి ఆసరా.

నాలుగేళ్లలో అరిగిపోయింది నిబ్బులే. పలకకు కాగితంలాంటి గరుకుదనం ఉంటుంది, గీయడానికి హాయిగా ఉంటుంది, కానీ ప్లాస్టిక్ నిబ్బును తినేస్తుంది. ఒక వైపే అరిగి ఉలిలా ఏటవాలు అంచు తేలుతుంది. ఆ అంచు పలకను గీరుతుంది. నా పలక నడిమధ్య అరచేయంత మేర ఇప్పుడు అద్దంలా నున్నబడింది, అక్కడ పెన్ను జారుతోంది. మొదటి ఏడాదిలోనే వారానికోసారి నిబ్బును కొద్దిగా తిప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. ఇప్పుడు పైన పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచాను. పెన్ను దాని మీదుగా కూడా చక్కగా పనిచేస్తోంది.

మే నెలలో మా ఊరి ఉక్కపోత సంగతి చెప్పనక్కర్లేదు. చిటికెన వేలి పక్క పలకకు అతుక్కుపోయి వంపు మధ్యలో చేయి ఆగిపోతుంది. అరచేయి తగిలినంత మాత్రాన గీత పడదు, చిక్కల్లా చెమటే. రెండు వేళ్ల చేతి తొడుగు వేసుకుంటే ఎండాకాలం గట్టెక్కుతుంది.

మొన్న దసరా సెలవులకు గుంటూరు బ్రాడీపేట నుంచి మా మేనకోడలు వచ్చింది. "మామయ్యా, నాకు పెద్దదే కావాలి, నీదిలాగే" అంది. నా పలక ముందు అరగంట కూర్చోబెట్టాను. మోచేయి బల్ల మీద నుంచి ఒక్కసారీ లేవలేదు. పిడికెడంత చోటులో పిచ్చుక బొమ్మ, ఈక ఈకా విడదీసి గీసింది. చిన్నదే తెప్పించుకోమన్నాను. దాంతోపాటే నిబ్బుల పొట్లం కూడా.