ఎఫ్‌ఎస్-ఐ6 తెర మీద ఆ చిన్న అంకె: చాలాకాలం వాడాక నా మాట

ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 గురించి కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఆర్‌సీ విమానాలు, అంటే రేడియోతో నడిపే చిన్న విమానాలు, మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది చేతికి ముందుగా వచ్చే రేడియో సెట్టు (చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్, విమానంలో పెట్టే రిసీవర్) ఇదే. నేను రాస్తున్నది దాని ఐఏ6బీ రిసీవర్ గురించి, అందులోనూ ఒక్క సదుపాయం గురించి. విమానంలో తనకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో ఆ రిసీవరే కొలిచి కిందికి పంపుతుంది. ట్రాన్స్‌మిటర్ తెర మీద 5.0 అనో 4.9 అనో ఒక అంకె కనిపిస్తుంది. కొన్న కొత్తలో నేను దాన్ని పట్టించుకోలేదు, పట్టించుకోమని ఎవరూ చెప్పలేదు కూడా. ఇప్పుడు ఈ సెట్టులో ఏది ముఖ్యం అంటే ఆ అంకే అంటాను.

విమానం చెయ్యి దాటిపోతే మైదానంలో అందరూ ముందు అనే మాట "సిగ్నల్ పోయింది". పాత క్రిస్టల్ సెట్ల రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. ఇద్దరు ఒకే ఛానెల్ మీద ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం పోయినట్టే. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ ముందే బైండింగ్ (ఒకదానికొకటి జత కలపడం) అయి ఉంటుంది, పక్కవాడి సెట్టు మాట మన విమానం వినదు. అయినా పాత అలవాటు కొద్దీ నింద సిగ్నల్ మీదకే పోతుంది. నా విమానం పడినప్పుడూ అదే జరిగింది.

అది పైన రెక్క ఉండే ఫోమ్ ట్రైనర్, 3ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం బ్యాటరీ), నాలుగు మెటల్ గేర్ సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు). అనంతపురం వైపు వేరుశనగ పీకేసిన చేలల్లో ఎగరేసేవాళ్లం. ఆ రోజు ఎండ మండిపోతోంది. బ్యాటరీ ఇంకా సగం కూడా అయిపోలేదు. గాలివాటున వెళ్లి ల్యాండింగ్ కోసం మలుపు తిప్పాను. రెక్క వాలింది, ఇక లేవలేదు. స్టిక్ ఎటు తిప్పినా విమానంలో చలనం లేదు. మోటార్ చప్పుడు ఆగిపోయింది. తెర మీద రిసీవర్ అంకె మాయమైంది. ముక్కు కిందికి పెట్టి దిగుతూ, నేలకు కొంచెం ఎత్తులో ఉండగా ఒక్కసారి సర్వోలు కదిలాయి, ఎలివేటర్ (ముక్కును పైకెత్తే తోక పలక) కూడా లేచింది. అప్పటికే ఆలస్యమైంది. రెక్క మధ్యకి విరిగింది, మోటార్ మౌంట్ ఊడి వచ్చింది. అవతలి చేలో కూలీలు పని చేస్తున్నారు. అటు పడి ఉంటే ఏమయ్యేదో అన్న టెన్షన్ చాలా రోజులు నన్ను వదల్లేదు.

తోటివాళ్లంతా రేంజ్ అన్నారు. విమానం అంత దూరమే లేదు. ఎదురుగా చెట్టూ లేదు. యాంటెన్నాల చివర్లు రెండూ ఒకదానికొకటి తొంభై డిగ్రీల కోణంలో, ఉండాల్సినట్టే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మిగిలిన సరంజామా బల్ల మీద పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, ఆన్ చేశాను. అంకె 5.0. మోటార్ తిప్పుతూ, అన్ని స్టిక్‌లూ కలియతిప్పుతూ ఉంటే మెల్లగా 4.8, 4.6. ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్) చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. 4.3 దాకా కనబడ్డాక రిసీవర్ లైటు ఆరిపోయింది. కొన్ని సెకన్లకు మళ్లీ వెలిగి, సర్వోలు ఒక్కసారి కదిలాయి. ఆకాశంలో నేను చూసింది ఇదే. దీన్నే బ్రౌన్‌అవుట్ అంటారు. సిగ్నల్ బాగానే వస్తోంది, వినాల్సిన రిసీవర్‌కే కరెంటు లేదు.

తప్పు ఈఎస్‌సీ లోపల ఉండే బీఈసీది. బ్యాటరీ వోల్టేజీని ఐదు వోల్టులకు దించి రిసీవర్‌కీ సర్వోలకూ ఇచ్చే భాగం అది. నా ఈఎస్‌సీ మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ముద్ర ఉంది. కంపెనీ పేరు వద్దు, చవక ఈఎస్‌సీలు చాలావాటి మీద ఇలాంటి ముద్రే ఉంటుంది. కానీ అది లీనియర్ రకం, మిగిలిన వోల్టేజీని వేడిగా మార్చి పారేస్తుంది. నిండుగా ఛార్జ్ చేసిన 3ఎస్ అంటే 12.6 వోల్టులు. ఐదు పోగా 7.6. సర్వోలు రెండు ఆంపియర్లు లాగితే అక్కడే పదిహేను వాట్ల వేడి, అదీ గాలాడని ఫోమ్ పెట్టెలో, మన ఎండలో. 2ఎస్ మీద ఆ ముద్ర నిజం కావచ్చు. 3ఎస్‌కి ఎన్ని సర్వోలు పెట్టొచ్చో ఆ ముద్ర పక్కనే రాయాలి. రాయకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొదట్లో ఈ సెట్టులో ఫెయిల్‌సేఫ్ ఉందని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. సిగ్నల్ తెగినప్పుడు ఏం చెయ్యాలో ఫెయిల్‌సేఫ్ రిసీవర్‌కి ముందే చెప్పి ఉంచుతుంది. రిసీవరే ఆరిపోతే చేసేవాళ్లు ఎవరూ లేరు. పైగా ఐ6లో అది ఆఫ్‌లో ఉండి వస్తుంది, మెనూలోకి వెళ్లి మనమే పెట్టుకోవాలి. థ్రాటిల్ సున్నాకి తప్పకుండా పెట్టండి. మోటార్ ఆగడం విమానం కోసం కాదు, కింద ఉన్న మనుషుల కోసం. ప్రొపెల్లర్ తీసేసి, మోటార్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూస్తే పెట్టింది పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఆ తర్వాత 5 ఆంపియర్ల స్విచ్చింగ్ యూబీఈసీ (ఈఎస్‌సీ బయట ఉండే బీఈసీ, లీనియర్ రకంలా అంత వేడి పుట్టించదు) విడిగా కొని, నేరుగా బ్యాటరీ నుంచి తీగలు లాగాను. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే ఎర్ర తీగ పిన్ను బయటికి లాగి టేపు చుట్టాను, రెండు బీఈసీలు ఒకేచోట కలవకూడదు. ఇప్పుడు అంకె 5.1 దగ్గర నిలబడుతుంది, ఎంత కలియతిప్పినా ఒక గీత కూడా కదలదు. ఆ నిలకడ చూస్తే నాకు కలిగే ఆనందం ఈ హాబీ చేసేవాళ్లకే అర్థమవుతుంది. అలారం 4.7కి పెట్టాను. ఒకసారి టేకాఫ్ అవగానే అది మోగింది. వెంటనే దింపి చూస్తే యూబీఈసీ కనెక్టర్‌లో ఒక పిన్ను వదులై ఊగుతోంది. చిన్న కనెక్టర్ మార్చడంతో ఆ రోజు విమానం దక్కింది.

అయితే ఈ అంకెను పూర్తిగా నమ్మి కూర్చోకూడదు. కొలత కాస్త కాస్త విరామంతో వస్తుంది, సర్వో ఒక్క క్షణం బిగుసుకుని వోల్టేజ్ పడి లేస్తే తెర మీద పడకపోవచ్చు. గాల్లో మన కళ్లు విమానం మీద ఉంటాయి, తెర మీద కాదు. ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోల్లో అంకెను మాటల్లో చెప్పించుకోవచ్చు, ఐ6లో బీప్‌తోనే సరిపెట్టుకోవాలి. అందుకే నాకు ఇది గాల్లో కంటే నేల మీదే ఎక్కువ పనికొస్తోంది. ప్రతిసారీ ఎగరేసే ముందు అన్ని స్టిక్‌లూ తిప్పుతూ కాసేపు ఆ అంకెనే చూస్తాను. దిగిందంటే ఆ పూట ఎగరెయ్యను.

మీరూ కొనాలా అంటే, నాలాగా ఎండ ఎక్కువున్న చోట, 3ఎస్ మీద నాలుగు సర్వోల విమానం ఎగరేసేవాళ్లకైతే కొనమనే చెబుతాను, యూబీఈసీ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. 2ఎస్ మీద చిన్న సర్వోలతో తేలికపాటి గ్లైడర్ ఎగరేసేవాళ్లకు ఈఎస్‌సీలో ఉన్న బీఈసీ చాలు, ఇంత కంగారు అక్కర్లేదు. పెట్రోల్ ఇంజిన్ల పెద్ద విమానాలు నేను ఎగరెయ్యలేదు. వాటికి రిసీవర్ బ్యాటరీలు విడిగా ఉంటాయి, నా లెక్కలు అక్కడికి తీసుకెళ్లొద్దు. నేను మాత్రం మంచి రేడియోకి మారే స్తోమత వచ్చేదాకా ఈ ఐ6తోనే ఉంటాను. మారినా, రిసీవర్ వోల్టేజ్ చూపించని సెట్టు మాత్రం తీసుకోను.