మంటా, బిగుతా?

అనంతపురంలో ఉండే మా అక్కకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. కాళ్ల నొప్పి తనకి రెండు రకాలు.

ఒకటి మంట. దుప్పటి అంచు తగిలినా పాదం మీద నిప్పులు పోసినట్టుంటుంది. మెడ వంచితే వెన్నులో కరెంటు షాక్ కొట్టినట్టు జలదరింపు. దెబ్బతిన్నది పాదం కాదు, మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర మైలిన్. అందుకే పాదానికి ఎంత నూనె రాసినా ఆ మంట పోదు. పారాసెటమాల్ కూడా అంతంతే. డాక్టర్లు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు.

రెండోది బిగుతు. పిక్క రాయిలా గట్టిపడుతుంది, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. సాగదీసే వ్యాయామాలు, కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ అనే మందు దీనికి.

బిగుతును ఇంట్లోవాళ్లు నమ్ముతారు. మంట కంటికి కనబడదుగా, నమ్మరు. అదే నా బాధ. డాక్టరుతో ఉత్త 'నొప్పి' అనకండి, మంటో బిగుతో విడమరిచి చెప్పండి.